యంత్రానికి పాఠం చెప్పే చదువు ఇంజనీర్లకేనా?

బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. విద్యార్థులకూ తలుపులు తెరిచే వున్నాయి - దారిలోనే చిక్కులు

కర్నూలు:

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ జిల్లాలోని పల్లెల్లో ఒకే చర్చ సాగుతుంది. పిల్లవానికి కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగులో సీటు దొరుకుతుందా, లేదా? దొరకకపోతే ఎకరా, అరెకరా అమ్మి అయినా చేర్పిద్దామా? ఇటీవల ఆ చర్చలో కొత్త మాటలు రెండు వచ్చి చేరాయి. ఒకటి కృత్రిమ మేధ. రెండవది మెషిన్ లెర్నింగ్. ఇవి ఇంజనీరింగు కళాశాలల సొత్తు అనీ, మామూలు డిగ్రీలో చేరిన పిల్లలకు వీటితో పని లేదనీ చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు.

ఈ నమ్మకం సరైనది కాదు. మెషిన్ లెర్నింగ్ అనేది ఒక శాఖకు చెందిన చదువు కాదు. సేద్యం చదివినవారికి, వైద్యం చదివినవారికి, వాణిజ్యం, చరిత్ర, తెలుగు చదివినవారికి కూడా అది ఒక పనిముట్టు. ఈ పనిముట్టును మన పంటల మీద, మన అప్పుల మీద, మన ఆరోగ్యం మీద ఇప్పటికే వాడుతున్నారు. దానిని అర్థం చేసుకుని, అది తప్పు చెప్పినప్పుడు తప్పని చెప్పగలవారు మన పల్లెల నుంచి తయారవుతారా అన్నదే అసలు ప్రశ్న.

దేవనకొండలో జరిగినదేమిటి?

ఈ విషయంలో మన జిల్లాకు ఒక ప్రత్యేకత వుంది. 2016 ఖరీఫ్‌లో దేవనకొండ మండలంలోని 175 మంది వేరుశనగ రైతుల సెల్‌ఫోన్లకు తెలుగులో సందేశాలు వచ్చాయి. ఎప్పుడు విత్తాలి, ఎంత లోతున విత్తాలి, ఎరువు ఎప్పుడు వేయాలి అనే సూచనలు అందులో వున్నాయి. రైతు ఖరీదైన ఫోను కొనవలసిన పని లేకపోయింది. మామూలు ఫోనే సరిపోయింది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో వున్న ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ, మైక్రోసాఫ్ట్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ ప్రయోగం చేశాయి.

ఆ సందేశం వెనుక వున్న లెక్క తెలుసుకోదగినది. 1986 నుంచి 2015 వరకు 30 సంవత్సరాల పాటు దేవనకొండ ప్రాంతంలో నమోదైన వాతావరణ వివరాలను యంత్రానికి ఇచ్చారు. వాన ఎంత పడింది, ఎండకు ఎంత తేమ ఆవిరైపోయింది, పైరు అవసరానికి మిగిలిన పదును ఎంతవరకు సరిపోయింది అన్నది వారం వారం లెక్క కట్టారు. దానికి రాబోయే వానల అంచనాను జోడించి విత్తే వారాన్ని నిర్ణయించారు. తొలి వాన పడగానే జూన్ మొదటి వారంలో గొర్రు కట్టటం ఇక్కడి అలవాటు. ఆ సంవత్సరం తొందరపడవద్దనీ, జూన్ చివరి వారం దాకా ఆగమనీ సందేశం వచ్చింది. సూచనలు పాటించినవారికి హెక్టారుకు సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చినట్లు ఇక్రిశాట్ ప్రకటించింది. మరుసటి సంవత్సరం ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో 3,000 మందికి పైగా రైతులకు ఈ సూచనలను విస్తరించారు. వేరుశనగతో పాటు రాగి, మొక్కజొన్న, వరి, పత్తి పంటలనూ చేర్చారు. అప్పుడు దిగుబడిలో పెరుగుదల పంటను బట్టి 10 నుంచి 30 శాతం దాకా వున్నట్లు తెలిపారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పనిలో కంప్యూటర్ నిపుణులు ఒక్కరే లేరు. వాతావరణ శాస్త్రం తెలిసినవారు, నేలల గురించి చదివినవారు, వేరుశనగ పైరు స్వభావం ఎరిగినవారు వున్నారు. పైరుకు ఏ దశలో బెట్ట తగిలితే నష్టం, ఏ దశలో తగిలితే తట్టుకుంటుంది అన్న సంగతి యంత్రానికి తనంతట తాను తెలియదు. ఆ శాస్త్రం చదివినవారు చెప్పాలి. 30 సంవత్సరాల వర్షపాతం లెక్క మనది, పొలం మనది, ఫలితం అనుభవించిన రైతు మనవాడు. ఆ లెక్క కట్టే చోట మన జిల్లా కళాశాలల్లో చదివిన పిల్లలు ఎందరుండగలరు అన్నది ఆలోచించవలసిన విషయం.

యంత్రం ఎలా నేర్చుకుంటుంది?

మెషిన్ లెర్నింగ్ అంటే మాయ కాదు. సంతలో ఎద్దు పళ్లు చూసి దాని వయసు చెప్పే పెద్దమనిషిని తలచుకుంటే చాలు. ఆయన ఆ విద్యను పుస్తకంలో చదవలేదు. వందల ఎద్దులను చూశాడు, వాటి వయసు తెలుసుకున్నాడు. పళ్లకూ వయసుకూ గల పొంతన ఆయన మనసులో స్థిరపడింది. ఇప్పుడు కొత్త ఎద్దును చూపినా చెప్పగలుగుతున్నాడు.

యంత్రానికి చెప్పే చదువూ ఇటువంటిదే. ఉదాహరణకు 1,000 ఎద్దుల పళ్ల ఫొటోలు, వాటి అసలు వయసులు మన దగ్గర వున్నాయనుకుందాం. అందులో 800 ఫొటోలను వయసుతో సహా యంత్రానికి చూపిస్తాము. అది ప్రతిసారీ ఒక అంచనా వేస్తుంది. అంచనాకూ అసలు వయసుకూ ఎంత తేడా వచ్చిందో చూసుకుని లోపల లెక్కను కొద్దిగా సవరించుకుంటుంది. ఇలా వేల పర్యాయాలు చేస్తుంది. చివరికి దాచి వుంచిన 200 ఫొటోలను వయసు చెప్పకుండా చూపి పరీక్ష పెడతాము. అందులో నెగ్గితేనే అది నేర్చుకున్నట్లు లెక్క. చూసిన ప్రశ్నలనే పరీక్షలో ఇస్తే బట్టీ పట్టిన పిల్లవానికీ నూటికి నూరు వస్తాయి గదా!

ఇందుకు కావలసిన లెక్కలు ఏవి? సగటులు, సంభావ్యత, గ్రాఫులు, కొంత బీజగణితం. వీటికి తోడు పైథాన్ వంటి ఒక కంప్యూటర్ భాష. లోతుగా పరిశోధన చేయదలచినవారికి కలన గణితం వగైరాలు అవసరమే. కాని తన శాస్త్రానికి ఈ పనిముట్టును ఉపయోగించుకోదలచిన విద్యార్థికి మొదటి మెట్టు ఎక్కటానికి ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి తీరవలసిన అవసరం లేదు.

లెక్క ఒక్కటే చాలదు

యంత్రం 99 శాతం సరిగ్గా చెబుతుందని ఎవరైనా అంటే వెంటనే నమ్మరాదు. 1,000 మొక్కలున్న మడిలో 10 మొక్కలకు తెగులు సోకిందనుకుందాం. ఏ మొక్కకూ తెగులు లేదని కళ్లు మూసుకుని చెప్పే యంత్రం 990 మొక్కల విషయంలో సరిగ్గా చెప్పినట్లే. అంటే 99 శాతం. అయినా రైతుకు కావలసిన ఆ 10 మొక్కలలో ఒక్కదాన్నీ అది పట్టుకోలేదు. ఈ చిన్న లెక్క బి.కాం. విద్యార్థికైనా, బి.ఏ. విద్యార్థికైనా అర్థమయ్యేదే. ఇటువంటి ప్రశ్న అడగగలగటమే ఈ చదువులో సగం.

2016లోనే ప్రచురితమైన మరొక పరిశోధన ఇంకా గట్టి పాఠం చెబుతున్నది. ఆకుల ఫొటోలు చూసి తెగులు పోల్చే యంత్రాన్ని అమెరికా, స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు తయారు చేశారు. 14 పంటలు, 26 తెగుళ్లకు సంబంధించిన 54,306 ఫొటోలు చూపి నేర్పారు. దాచి వుంచిన ఫొటోలతో పరీక్ష పెడితే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అయితే వేరే చోట్ల, వేరే పరిస్థితులలో తీసిన ఫొటోలను ఇచ్చేసరికి అది 31 శాతానికి దిగజారింది. ఈ సంగతిని ఆ శాస్త్రవేత్తలే దాచకుండా రాశారు. కారణం తెలిసిందే. నేర్పిన ఫొటోలలో ఒక్కొక్క ఆకును కోసి శుభ్రమైన తావులో పెట్టి తీశారు. చేనులో ఆకు అలా వుండదు. పక్క ఆకు నీడ పడుతుంది, దుమ్ము వుంటుంది, ఒకే ఆకు మీద రెండు తెగుళ్లూ వుంటాయి.

ఆ 14 పంటలలో టమోటా వుంది. వేరుశనగ లేదు, పత్తి లేదు, కంది లేదు. పత్తికొండ రైతుకు కొంత పనికి రావచ్చునేమో గాని వేరుశనగలో తిక్కా ఆకుమచ్చ తెగులు గురించి అది ఏమీ చెప్పలేదు. మన చేలలో, మన వెలుతురులో వేల ఫొటోలు తీసి, ప్రతి ఫొటోకూ ఇది ఫలానా తెగులు అని సరైన పేరు పెట్టేవారు వుంటేనే మనకు పనికి వచ్చే యంత్రం తయారవుతుంది. ఆ పేరు పెట్టగలవాడు వ్యవసాయం, వృక్షశాస్త్రం చదివిన విద్యార్థి. కంప్యూటర్ ఒక్కటే చదివినవాడు కాడు.

వైద్యంలోనూ ఇదే అనుభవం. మధుమేహం వల్ల కంటి రెటీనాకు కలిగే దెబ్బను ఫొటో చూసి పసిగట్టే యంత్రాన్ని గూగుల్ శాస్త్రవేత్తలు 2016లో ప్రకటించారు. 1,28,175 కంటి చిత్రాలను 54 మంది నేత్ర వైద్యులు పరిశీలించి పేర్లు పెట్టగా యంత్రం నేర్చుకున్నది. మన దేశంలోని 3 నేత్ర వైద్యశాలల చిత్రాలు కూడా ఆ పరిశోధనలో వున్నాయి. తరువాత దీనిని థాయిలాండులోని పల్లె ఆరోగ్య కేంద్రాలలో వాడి చూశారు. నర్సులు తీసిన చిత్రాలలో ఐదవ వంతుకు పైగా స్పష్టంగా లేవంటూ యంత్రం తిరస్కరించినట్లు 2020లో వెల్లడైంది. గదిలో చీకటి చాలకపోవటం, ఇంటర్నెట్ మందగించటం, రోగులను మళ్లీ పట్నానికి రమ్మనవలసి రావటం వంటి ఇబ్బందులు బయటపడ్డాయి. యంత్రం లెక్కలో పెద్ద లోపం లేదు. అది పని చేయవలసిన చోటు ఎలా వుంటుందో ముందుగా చూసుకోకపోవటమే లోపం. నర్సింగ్, సమాజశాస్త్రం చదివినవారు మొదటి నుంచీ పక్కన వుండవలసిన అవసరాన్ని ఇది తెలియజేస్తున్నది.

వాణిజ్యం చదివినవారి పాత్ర కూడా తక్కువది కాదు. అప్పు ఇవ్వవచ్చునా, లేదా అని చెప్పే యంత్రం పాత అప్పుల లెక్కలు చూసి నేర్చుకుంటుంది. కౌలు రైతు పేర భూమి కాగితం వుండదు. బ్యాంకులో పాత ఖాతా కూడా వుండకపోవచ్చు. అతడు నిజాయితీగా షావుకారు బాకీ తీర్చుతూ వచ్చిన సంగతి ఏ కంప్యూటర్‌లోనూ లేదు. అటువంటివానిని యంత్రం ఏ లెక్కన చూస్తుందో అడగవలసినవాడు బి.కాం. విద్యార్థి, అర్థశాస్త్ర విద్యార్థి.

పంటల బీమాలోనూ మార్పు మొదలైంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ పంటల దిగుబడి నిర్ణయంలో ఉపగ్రహ చిత్రాలు మొదలైన సాంకేతిక అంచనాలకు కనీసం 30 శాతం విలువ ఇవ్వాలని కేంద్రం విధానం తెచ్చింది. పంట కోత ప్రయోగాన్ని రైతు దగ్గర నిలబడి చూడవచ్చు. ఆకాశం నుంచి వేసిన అంచనాను ప్రశ్నించాలంటే ఆ అంచనా ఎలా వేస్తారో తెలిసినవారు వూళ్లో ఒకరైనా వుండాలి.

తెలుగు చదివినవారికి సైతం పని వుంది. మాట విని రాసే యంత్రాలు, ఒక భాష నుంచి మరొక భాషకు మార్చే యంత్రాలు భారతీయ భాషలలో తయారు చేయటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి పథకాన్ని ప్రారంభించింది. పత్రికల తెలుగు, టెలివిజన్ తెలుగు మాత్రమే విని నేర్చుకున్న యంత్రానికి ఆలూరు, కోసిగి రైతు మాట అంతుపట్టదు. ఆ మాటలను సేకరించి, వాటి యాస తెలిసి రాయగలవారు ఇక్కడివారే కావాలి.

పెద్దలు ఏ శాఖ నుంచి వచ్చారు?

ఈ రంగంలో పేరు గాంచినవారి చదువులను పరిశీలిస్తే సందేహం తీరుతుంది. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని మెషిన్ లెర్నింగ్‌కు పునాది వేసినందుకు జాన్ హోప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు ఇచ్చారు. వీరిలో హింటన్ డిగ్రీలో చదివినది మనస్తత్వశాస్త్రం. అదే సంవత్సరం రసాయనశాస్త్ర బహుమతిలో సగాన్ని మాంసకృత్తుల ఆకృతిని యంత్రంతో లెక్క కట్టినందుకు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్ పంచుకున్నారు. జంపర్ డాక్టరేట్ రసాయనశాస్త్రంలో, హస్సాబిస్ డాక్టరేట్ మెదడుకు సంబంధించిన శాస్త్రంలో.

తెలుగువారి సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి మద్రాసులోని గిండీ కళాశాలలో చదివినది సివిల్ ఇంజనీరింగు. మాట వినే యంత్రాలపై అమెరికాలో పరిశోధించి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతిని మరొక శాస్త్రవేత్తతో కలిసి పొందారు. ఆసియా నుంచి ఆ బహుమతి పొందిన తొలి వ్యక్తి ఆయనే. పల్లె పిల్లల కోసం వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వ విద్యాలయానికి తొలి కులపతిగా కూడా వున్నారు. ఇక సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వ విద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రం చదివారు. 1945లో ఆయన రాసిన ఒక పరిశోధనా పత్రం నేటికీ ఈ శాస్త్రంలో పాఠ్యాంశమే. అందుకుగాను 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనను వరించింది.

తెరుచుకున్న తలుపులు

హైదరాబాదు ఐ.ఐ.టి. 2019లో కృత్రిమ మేధలో బి.టెక్. ప్రారంభించింది. కర్నూలు శివార్లలోని జగన్నాథగట్టుపై వున్న ట్రిపుల్ ఐ.టి.డి.ఎం.లోనూ కృత్రిమ మేధ, డేటా సైన్స్ బి.టెక్. వుంది. అయితే వీటిలో ప్రవేశానికి జె.ఇ.ఇ. గట్టెక్కాలి. సీట్లూ పరిమితం. ఇతర శాఖల పిల్లలకు ఇవి అందుబాటులో లేవు.

వారికి వున్న దారులు వేరు. మొదటిది మద్రాసు ఐ.ఐ.టి. ప్రారంభించిన డేటా సైన్స్ డిగ్రీ. పాఠాలు ఇంటర్నెట్ ద్వారా జరుగుతాయి. పరీక్షలు మాత్రం నిర్ణీత కేంద్రాలకు వెళ్లి రాయాలి. దీనికి జె.ఇ.ఇ. అవసరం లేదు. పదవ తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి, ఇంటర్ ఏ గ్రూపుతో నెగ్గినా చాలు. వయసు నిబంధన లేదు. నాలుగు వారాల పాఠాలు చెప్పి, వాటి మీదే అర్హత పరీక్ష పెడతారు. నెగ్గినవారిని చేర్చుకుంటారు. మధ్యలో ఆపవలసి వచ్చినా చదివిన మేరకు సర్టిఫికెట్, డిప్లొమా, బి.ఎస్సీ. వంటివి ఇస్తారు. తీసుకున్న పాఠ్యాంశాలను బట్టి ఫీజు కట్టాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వికలాంగులు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకు అర్హతను బట్టి 75 శాతం దాకా రాయితీ వుంది.

ఆదోనిలో బి.కాం. చదివే పిల్ల దీనికోసం ఆ చదువు మానవలసిన పని కూడా లేదు. ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవటానికి విశ్వ విద్యాలయ నిధుల సంఘం 2022లో అనుమతించింది. ఒకటి కళాశాలలో, మరొకటి ఇంటర్నెట్ ద్వారా చదువుకోవచ్చు.

రెండవ దారి కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం. ఐ.ఐ.టి.ల అధ్యాపకులు చెప్పే మెషిన్ లెర్నింగ్ పాఠాలను ఇందులో ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందదలచినవారే రుసుం చెల్లించాలి. కళాశాల, విశ్వ విద్యాలయం ఆమోదిస్తే ఒక సెమిస్టర్‌లోని పాఠ్యాంశాలలో 40 శాతం వరకు స్వయం ద్వారా పూర్తి చేసి ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకునేందుకు నిధుల సంఘం 2021 నిబంధనలు వీలు కల్పించాయి.

మూడవది ఇతర శాఖలవారికే ఉద్దేశించినది. స్వయం ప్లస్ పేర మద్రాసు ఐ.ఐ.టి. నడుపుతున్న వేదికలో 2025లో కొన్ని ఉచిత పాఠ్యక్రమాలు వెలువడ్డాయి. భౌతికశాస్త్రంలో కృత్రిమ మేధ, రసాయనశాస్త్రంలో కృత్రిమ మేధ, అకౌంటింగ్‌లో కృత్రిమ మేధ, పైథాన్‌తో మెషిన్ లెర్నింగ్, చివరికి క్రికెట్ లెక్కల విశ్లేషణ కూడా అందులో వున్నాయి. ముందుగా కంప్యూటర్ చదివి వుండాలన్న నిబంధన పెట్టలేదు. అంటే ఏ శాఖ విద్యార్థి ఆ శాఖ ఉదాహరణలతోనే ఈ విద్య నేర్చుకోవచ్చునన్న మాట.

దారిలో చిక్కులు

తలుపులు తెరిచి వున్నంత మాత్రాన అందరూ లోపలికి వెళ్లగలరని చెప్పలేము. మొదటి చిక్కు భాష. పాఠాలలో అత్యధిక భాగం ఇంగ్లీషులోనే సాగుతాయి. తెలుగు మాధ్యమంలో చదువుకున్న పిల్ల మొదటి వారంలోనే బెదిరిపోయే ప్రమాదం వుంది. విషయం అర్థం కాక కాదు, మాట అర్థం కాక.

రెండవది కంప్యూటర్. పాఠం ఫోనులో వినవచ్చు. అభ్యాసం ఫోనులో సాగదు. ప్రత్యేకమైన ఖరీదు యంత్రాలు అక్కరలేదు. గూగుల్ కోలాబ్ వంటి ఉచిత సదుపాయం వుంది గనుక ఇంటర్నెట్ వున్న మామూలు కంప్యూటర్ చాలు. కాని ఆ మామూలు కంప్యూటరే చాలా ఇళ్లలో లేదు. కళాశాలలో వున్నవి తరగతులు ముగియగానే తాళం పడే గదిలో వుంటే విద్యార్థికి ఉపయోగం లేదు.

మూడవది ప్రయాణం. పరీక్ష కేంద్రం పట్నంలో వుంటుంది. పల్లె నుంచి ఆడపిల్లను ఒంటరిగా పంపటానికి తల్లిదండ్రులు జంకుతారు. తోడు వెళ్లినవారికి ఒక రోజు కూలి పోతుంది. నాలుగవది, అన్నింటికంటె పెద్దది, అడిగితే చెప్పేవారు లేకపోవటం. ఇంటర్నెట్ పాఠాలలో చేరినవారిలో చాలామంది మధ్యలోనే మానివేయటం ప్రపంచమంతటా వున్నదే. పక్కన ఒక అధ్యాపకుడు, నలుగురు తోటి విద్యార్థులు వుంటే చదువు సాగుతుంది. ఒంటరిగా గదిలో కూర్చుని ఫోను వంక చూస్తే సాగదు.

ఈ సందు చూసుకుని ఆరు వారాలలో నేర్పుతాం, ఉద్యోగం గ్యారంటీ అంటూ వేలకు వేలు గుంజే కోచింగ్ కేంద్రాలు బయలుదేరుతున్నాయి. ఈ చదువు ఉద్యోగానికి హామీపత్రం కాదు. కంప్యూటర్ ఉద్యోగాలలో ఎగుడు దిగుళ్లు అందరూ చూస్తున్నవే. తన శాస్త్రం బాగా వచ్చి, దానికి తోడు ఈ పనిముట్టు వాడటం వచ్చినవానికి అవకాశాలు పెరుగుతాయని మాత్రమే చెప్పవచ్చు. తన శాస్త్రం రాకుండా ఇది ఒక్కటే నేర్చుకున్నవానికి ఆ మాట కూడా చెప్పలేము. ఉచితంగా దొరికే పాఠాన్ని ముందు నెల రోజులు చూసి, పిల్లవానికి ఆసక్తి వున్నదని తేలిన తరువాతనే ఎవరికైనా డబ్బు కట్టే విషయం ఆలోచించటం మంచిది.

ఏమి చేయాలి?

ఇందులో కోట్ల ఖర్చుతో కూడినవి తక్కువ. డిగ్రీ కళాశాలలు సాయంత్రం రెండు గంటలు కంప్యూటర్ గదిని తెరిచి వుంచవచ్చు. ప్రతి కళాశాలలో గణితం, గణాంకశాస్త్రం లేక కంప్యూటర్ అధ్యాపకులలో ఒకరికి ఈ బాధ్యత అప్పగించి, ఆ గంటలను వారి పని లెక్కలో చేర్చాలి. స్వయంలో నెగ్గిన క్రెడిట్లను డిగ్రీలో కలపటానికి రాయలసీమ విశ్వ విద్యాలయం అన్ని శాఖల విద్యార్థులకూ స్పష్టమైన విధానం ప్రకటించటం అవసరం. వినే పాఠం ఇంగ్లీషులో వున్నా, వారానికి ఒక గంట తెలుగులో చర్చ జరిపితే మొదటి చిక్కు చాలావరకు తీరుతుంది. పరీక్షలకు వెళ్లే ఆడపిల్లలను కళాశాలే ఒక అధ్యాపకురాలి తోడుతో పంపవచ్చు.

రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు వూళ్లకు వెళ్లి సమాజ సేవా ప్రాజెక్టు చేసే పద్ధతిని 2020 తరువాత ప్రవేశపెట్టారు. కుటుంబానికి ఎందరు, మరుగుదొడ్డి వుందా అన్న ప్రశ్నలతో నింపిన కాగితాలు బీరువాలో చేరితే ప్రయోజనం లేదు. వృక్షశాస్త్రం విద్యార్థులు ఒక సీజనంతా వేరుశనగ ఆకుల ఫొటోలు తీసి, వ్యవసాయ శాస్త్రవేత్తల చేత తెగులు పేరు రాయించవచ్చు. వాణిజ్య విద్యార్థులు పత్తికొండ టమోటా ధరను, ఆదోని పత్తి ధరను ఏడాది పాటు రాసి, కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ ప్రకటించే ధరలతో పోల్చి చూడవచ్చు. భూగోళం విద్యార్థులు మండలాల వర్షపాతం లెక్కలను ఒక చోట చేర్చవచ్చు. తెలుగు విద్యార్థులు మండలానికొక తీరున పలికే మాటలను రికార్డు చేయవచ్చు. నాలుగు శాఖలవారూ ఒకే గదిలో కూర్చుని ఆ లెక్కలను యంత్రానికి ఇచ్చి చూస్తే అదే నిజమైన పాఠం అవుతుంది.

తల్లిదండ్రులు చేయవలసినది ఒకటే. కంప్యూటర్ సైన్స్ సీటు రాలేదని పిల్లవాని చదువు చెడిపోయినట్లు భావించరాదు. సేద్యం మీద ఆసక్తి వుంటే సేద్యం, లెక్కల మీద వుంటే గణాంకశాస్త్రం, బ్యాంకు మీద వుంటే వాణిజ్యం చదివించి, దానికి తోడు ఈ పాఠాలలో చేరమని ప్రోత్సహించటం మేలు. చేను అమ్మి కొన్న సీటులో నేర్పే పాఠాలలో కొంత భాగం పంచాయతీ కేంద్రంలో ఇంటర్నెట్ వున్న పిల్లవానికి ఉచితంగానే దొరుకుతున్నది.

దేవనకొండకు 2016లో వచ్చిన సందేశం బయటి నుంచి వచ్చింది. మేలు చేసింది గనుక రైతులు స్వాగతించారు. రేపు బీమా లెక్క, అప్పు లెక్క, ధర లెక్క కూడా ఇలాగే బయటి నుంచి రాబోతున్నాయి. అన్నీ మేలే చేస్తాయని ముందుగా అనుకోవటానికి లేదు. విశ్వ విద్యాలయ అధికారులు, కళాశాలల ప్రిన్సిపాళ్లు వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యే లోపుగానే క్రెడిట్ల విధానం, సాయంత్రపు కంప్యూటర్ గది - ఈ రెండింటి విషయమైనా తేల్చవలసి వుంది.